గూడబాతు ముక్కుపై చుక్కలు

నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు పోవు రాచబాటపై, సూళ్ళూరుపేటకు ఉత్తరముగా, దారికి కొంత లోపలగా నేలపట్టు అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామపు చెరువులో నీటి నడుమ పెరిగిన చెట్లపై ఏటేట అక్టోబరు నెల మొదలుకొని నీటిపక్షులు గుంపులుగా వచ్చి గూళ్ళు కట్టుకొనును. వానిలో గూడబాతులు ముఖ్యమైనవి. గూడబాతు రెక్కలు చాచినచో ఆ కొన నుండి ఈ కొనకు రెండు మీటర్లకు పైబడి యుండును. దాని ముక్కు క్రింద తోలుతిత్తి యొకటి వ్రేలాడుచుండును. ఆ తిత్తితో అది చేపలను నీటితో సహా దేవి, నీటిని వదలి చేపలను మ్రింగును. పై ముక్కు అంచున నీలిరంగు చుక్కలు వరుసగా నుండును. ఆంగ్లములో దీనికి గల పేరు ఈ చుక్కలను బట్టి వచ్చినదే.

చెరువుగట్టుపై నిలిచి చూచువానికి ఆ చుక్కలు కనబడవు. ఛాయాచిత్రము తీసినను, అది మసకగా వచ్చినచో చుక్కలన్నియు కలిసిపోయి, ముక్కంతయు ఒకే రంగు కర్రవలె తోచును. అప్పుడా పక్షి మన చుక్కల గూడబాతో, చలికాలమున అరుదుగా వచ్చెడి తెల్ల గూడబాతో చెప్పుట కష్టము. పులికాట్ సరస్సునకు వచ్చు ఫ్లెమింగోలలోను ఇట్టి చిక్కే కలదు. వానిలో పెద్దజాతి పక్షికి గులాబీరంగు ముక్కు, దాని కొన మాత్రము నలుపు. చిన్నజాతి పక్షికి ముక్కంతయు ముదురు రంగు. ఈ భేదము స్పష్టముగా అగపడని చిత్రము గోడకు తగిలించుకొనుటకు పనికివచ్చునేమో గాని, పక్షిశాస్త్రమునకు పనికిరాదు.

స్పష్టమైన చిత్రమునకు మరియొక ప్రయోజనము కలదు. 1883లో స్థాపింపబడిన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు పక్షులను పట్టి, వాని కాళ్ళకు అంకెలు గల తేలికైన కడియములను తొడిగి విడిచిపెట్టుచుందురు. ఆ పక్షి మరల ఎచ్చటనైన చిక్కినచో, అది ఎంత దూరము పయనించినదో, ఎన్నేండ్లు బ్రతికినదో తెలియును. పూర్వము ఆ అంకెలు చదువుటకు పక్షిని మరల పట్టవలసివచ్చెడిది. లేదా అది చచ్చిపడి దొరకవలసియుండెడిది. నేడు చిత్రము పదునుగా నున్నచో, ఒడ్డున కూర్చుండియే, పక్షిని తాకకయే, కొన్ని కడియముల గుర్తులను చదువవచ్చును. పదునైన చిత్రము ఒక సాక్ష్యము. అది సాక్ష్యమగుటయు, కాకపోవుటయు సాధారణముగా సెకనులో వెయ్యవ వంతు కాలమున తేలిపోవును.

దూరముననున్న పక్షిని దగ్గరగా చూపు కటకమునకు టెలీఫోటో కటకమని పేరు. మన కంటికి కనబడునట్టి పరిమాణములో దృశ్యమును చూపు సాధారణ కటకపు నాభ్యంతరము సుమారు 50 మిల్లీమీటర్లు. పక్షుల చిత్రములు తీయువారు వాడు కటకముల నాభ్యంతరము 400, 500, 600 మిల్లీమీటర్లుగా నుండును. 500 మిల్లీమీటర్ల కటకము సాధారణ కటకముకంటె పక్షిని పదిరెట్లు పెద్దదిగా చూపును. కాని అందులో కనబడు ప్రపంచము మిక్కిలి ఇరుకైనది. మూలనుండి మూలకు కొలిచినను ఐదు డిగ్రీల కోణమునకు మించదు. గొట్టములోనుండి చూచుటవంటిదే యది. క్రొత్తగా పట్టుకొన్నవారికి ఎదుట చెట్టుపై నున్న పక్షి ఎంత వెదకినను కటకములో దొరకకపోవుటకు కారణమిదే. మొదట కంటితో పక్షిని చూచి, చూపు మరల్చకయే కెమెరాను కంటి కడకు తెచ్చుకొనుట అభ్యసింపవలెను.

ఈ కటకము పక్షిని మాత్రమే పెద్దదిగా చేయునని తలంచుట పొరపాటు. మామిడితోటలో దోటితో కాయలు కోయుట మీలో పలువురు ఎరుగుదురు. పొట్టి కర్ర పట్టినప్పుడు చేయి కొంచెము వణకినను కొక్కెము కాయ దగ్గరనే యుండును. పొడవైన దోటి పట్టినప్పుడు చేతిలో వెండ్రుకవాసి కదలిక కొన దగ్గర మూరెడు ఊపగును. కాయ తొడిమకు కొక్కెము తగులదు. టెలీఫోటో కటకము అట్టి దోటియే. అది పక్షిని పదిరెట్లు పెంచినచో, మన చేతివణకును కూడ పదిరెట్లు పెంచును. గుండె కొట్టుకొనుట, ఊపిరి తీయుట, గాలి తాకుట మొదలగునవి యన్నియు చిత్రములోనికి వచ్చి చేరును. విలువైన కటకము కొన్నంతమాత్రమున చిత్రము పదునెక్కదు. నా యెరుకలో లక్షలు వెచ్చించి కటకములు కొని, మసకచిత్రములు ఇంటికి తెచ్చువారును, పాత కటకముతో ఈకయీకను లెక్కింపదగిన చిత్రములు తీయువారును కలరు.

కావున మొదటి పని కెమెరాను కదలకుండ నిలుపుట. పెద్ద కటకములు మూడు కిలోల వరకు తూగును. ఎడమచేతిని కటకమునకు అడుగున, బరువు సమతూకమగు చోట ఉంచవలెను, పైనుండి పట్టుకొనరాదు. మోచేతులు రెండును ప్రక్కలకు ఆనించి, ఊపిరి సగము విడిచి, నిలిపి, మీటను మెల్లగా ఒత్తవలెను. ఒక్కసారిగా పొడిచినట్లు ఒత్తినచో ఆ దెబ్బకే కెమెరా కదలును. గోడయో, చెట్టుమ్రానో దొరికినచో దానికి ఆనుకొనుట మేలు. నేలపై బోర్లపడుకొని తీయుట అన్నింటికంటె నిలుకడయైన పద్ధతి. నీటి యొడ్డున తిరుగు చిన్నపక్షుల చిత్రములు ఆ ఎత్తునుండి తీసినవే చూడ ముచ్చటగా నుండును. బట్టలు బురదయగునని జంకువారు ఈ విద్యకు పనికిరారు.

ముక్కాలి స్టాండు మంచిదే. అయినను, దాని నడిమి కడ్డీని పైకి పొడిగించినచో అది గాలికి ఊగును. దాని కాళ్ళను మాత్రమే పొడిగించి వాడవలెను. వాహనములో కూర్చుండి తీయువారికి స్టాండుకంటె గుడ్డసంచి యుపయోగకరము. మందమైన బట్టతో చిన్న సంచి కుట్టి, పెసలుగాని శనగలుగాని ముక్కాలు భాగము నింపి, కిటికీ యంచుపై వేసి, దానిపై కటకమును ఆన్చినచో అది పరుపుపై పసిబిడ్డవలె కదలక యుండును. ఇంజను ఆపుట మాత్రము మరువరాదు. ఇంజను నడచుచున్నంతసేపును వాహనమంతయు సన్నగా వణకుచునే యుండును. ఆ వణకు మనకు తెలియదు, కటకమునకు తెలియును.

చేతివణకును సరిదిద్దు యంత్రభాగము కటకములోనే అమర్చుట 1995 నుండి వాడుకలోనికి వచ్చినది. లోపలనున్న చిన్న కటకమొకటి మన చేయి ఎటు కదలినచో దానికి ఎదురుగా కదలి ప్రతిబింబమును నిలుపును. ఇది గొప్ప యుపకారమే. అయితే ఇది మన కదలికను ఆపునుగాని పక్షి కదలికను ఆపజాలదు. ఈ భేదము నెరుగక పలువురు యంత్రమును నిందింతురు.

పక్షి కదలికను ఆపునది షట్టరు. ఒక చిన్న లెక్క చూడుడు. కొంగ యొకటి గంటకు 36 కిలోమీటర్ల వేగముతో ఎగురుచున్నదనుకొందము. అనగా సెకనుకు 10 మీటర్లు. షట్టరు సెకనులో 100వ వంతు కాలము తెరచియున్నచో, ఆ కాలములో కొంగ 10 సెంటీమీటర్లు ముందుకు పోవును. కన్ను, ముక్కు, మెడ అన్నియు అంత మేర సాగి చెరపబడినట్లు పడును. 2000వ వంతు కాలము మాత్రమే తెరచినచో అది కదలునది 5 మిల్లీమీటర్లే. రెక్కల కొనలు శరీరముకంటె వేగముగా కదలును గనుక వానికి ఇంకను తక్కువ కాలము కావలెను. కొంగతోపాటు కెమెరాను కూడ అదే వేగముతో త్రిప్పుచు తీయుట వచ్చినచో ఈ చిక్కు చాలవరకు తగ్గును. ఇది ఒకనాటితో వచ్చునది కాదు. కాకులపై అభ్యసించుట ఉత్తమము. అవి ఎల్లయెడల నుండును, ఎన్ని చిత్రములు చెడినను విచారింపనక్కరలేదు.

ఎగురు పక్షులను చిత్రములలో బంధింపవలెనను కోరిక నేటిది కాదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే 1882లో తుపాకి యాకారము గల యొక కెమెరాను నిర్మించెను. దానిని భుజమున ఆనించి, పక్షికి గురిపెట్టి మీటను నొక్కినచో సెకనుకు 12 చిత్రములు పడెడివి. పక్షి రెక్కను ఎట్లెత్తి ఎట్లు దించునో కంటికి అందని ఆ రహస్యమును తెలిసికొనుటయే ఆయన యుద్దేశము. గుండు లేని ఆ తుపాకికి ఏ పక్షియు చావలేదు.

కూర్చున్న పక్షికి ఒక పాత సూత్రము కలదు. నాభ్యంతరము ఎన్ని మిల్లీమీటర్లో, సెకనులో అన్నవ వంతుకంటె ఎక్కువ కాలము షట్టరును తెరచియుంచరాదు. అనగా 500 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 500వ వంతు. ఈ సూత్రము ఫిల్ము వాడిన దినములలో పుట్టినది. నేటి కెమెరాలు అతిసూక్ష్మమైన వివరములను కూడ పట్టునవి గనుక సూక్ష్మమైన వణకును కూడ పట్టియిచ్చును. అందుచేత చేతితో పట్టి తీయువారు 1000వ వంతునకు పోవుటయే క్షేమము.

షట్టరు తెరచు కాలము తగ్గినకొలది లోనికి వచ్చు వెలుతురు తగ్గును. ఆ కొరతను తీర్చుటకు కెమెరా గ్రహణశక్తిని పెంచవలెను. దీనిని ఐ.ఎస్.ఓ. అను సంఖ్యతో కొలుతురు. అది పెరిగినకొలది చిత్రములో ఇసుకరేణువులవంటి పొక్కులు కనబడును. ఆ పొక్కులకు వెరచి షట్టరును నెమ్మదిగా నుంచువారు చాలమంది కలరు. అది అవివేకము. పొక్కులను పిదప కొంతవరకు సవరింపవచ్చును. కదలికచే చెరగిన ఈకను ఎవ్వరును మరల సరిగా చిత్రింపజాలరు.

ఇక ఫోకసు సంగతి. 500 మిల్లీమీటర్ల కటకముతో, దాని ద్వారమును 5.6 సంఖ్య వద్ద నుంచి, 10 మీటర్ల దూరముననున్న పక్షిని తీసినచో, ముందు వెనుకలు కలిపి సుమారు 13 సెంటీమీటర్ల మేర మాత్రమే పదునుగా వచ్చును. జానెడు కూడ కాదు! మనవైపు తిరిగి నిలిచిన కొంగకు ముక్కు కొన పదునుగా నున్నచో కన్ను మసకగును; కన్ను పదునుగా నున్నచో తోక మసకగును. అన్నియు పదునుగా వచ్చుట అసాధ్యము గనుక కంటిని ఎన్నుకొనవలెను. పక్షిని చూచువాని చూపు మొదట దాని కంటిపైననే పడును. కన్ను తళుక్కుమన్నచో తోక మసకయైనను చూచువాడు క్షమించును. ప్రక్కకు తిరిగిన పక్షి యైనచో కన్ను, రెక్క, తోక యన్నియు ఒకే దూరమున నుండును గనుక పని సులువగును.

ఇటీవలి కెమెరాలలో కొన్ని పక్షి కంటిని తామే వెదకి ఫోకసు చేయును. అయినను రెల్లుపొదలలో కూర్చున్న పక్షి విషయమున అవి తరచు ముందున్న గడ్డిపోచను పట్టుకొనును. అట్టియెడ చేతితోనే సరిచూచుకొనవలెను. లకుముకిపిట్ట వంటి పక్షుల విషయమున మరియొక ఉపాయము కలదు. అది చేపను పట్టుటకు దుమికి, తరచు తాను లేచిన మోడుమీదికే తిరిగి వచ్చును. కావున అది దుమికినప్పుడు దాని వెంట పరుగిడక, ఆ మోడుపై ఫోకసు నిలిపి వేచియుండవలెను. పక్షి అలవాట్లు ఎరిగినవాడు యంత్రముకంటె ఒక అడుగు ముందుండును.

ఇన్నియు సరిగా చేసినను చిత్రము మసకగా వచ్చు సందర్భమొకటి కలదు. దానికి కారణము కెమెరా కాదు, పక్షి కాదు, మనము కాదు. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు దారి పులికాట్ సరస్సు నడుమగా సాగును. చలికాలమున ఆ దారికి ఇరువైపుల ఫ్లెమింగోలు గుంపులుగా మేయుచుండును. మిట్టమధ్యాహ్నమున దూరముననున్న గుంపును టెలీఫోటో కటకముతో చూడుడు. పక్షుల కాళ్ళు పాములవలె మెలికలు తిరుగుచు, శరీరములు నీటిలో నీడలవలె ఊగుచు కనబడును. ఎండకు కాగిన బురదనేల మీది గాలి వేడెక్కి పైకి లేచుచుండును. వేడిగాలియు చల్లగాలియు కాంతిని వేరువేరుగా వంచును. ఎండమావులను పుట్టించు ధర్మమే ఇచట చిత్రమును కూడ చెరచుచున్నది. పక్షి ఎంత దూరమున నున్నచో అంత మందమైన గాలిపొర నడుమ నుండును. దీనికి ఏ కటకమును విరుగుడు కాదు. పెద్ద కటకము ఆ వణకును మరింత పెద్దదిగా చూపును. విరుగుడు తెల్లవారుజాము, నేల వేడెక్కకమునుపే పోవలెను. రెండవ విరుగుడు దగ్గరి దూరము.

దగ్గరకు పోవుట యనగా పక్షివైపు నడచుట కాదు. పక్షియే మన దగ్గరకు వచ్చునట్లు కూర్చుండుట. ఇంగ్లండులోని యార్కుషైరు ప్రాంతపు కెర్టన్ సోదరులు, రిచర్డు, చెర్రీ అనువారు, 1892లో గ్రుడ్లతో కూడిన పక్షిగూటిని ఛాయాచిత్రము తీసిరి. వారి కాలమున పక్షిని దగ్గరకు లాగు కటకములు నేటివలె లేవు. అందుచేత ఎద్దుచర్మముతో డొల్లయైన ఎద్దుబొమ్మను చేయించి, దాని కడుపులో కెమెరాతో నిలుచుండి చిత్రములు తీసిరి. పక్షులు ఎద్దును చూచి బెదరవు గదా! మన దేశమున మదరాసునకు చెందిన ఎం. కృష్ణన్ (1912–1996) అడవిజంతువులను, పక్షులను తెలుపు నలుపు చిత్రములుగా తీసి, వానిని గూర్చి నలువది సంవత్సరములకు పైగా పత్రికలలో వ్రాసిరి. ఆయన వేరువేరు కెమెరాల భాగములను తానే కూర్చుకొని వాడెడివారు. అట్లు కూర్చిన యొక యంత్రమునకు వేడుకగా ‘సూపర్ పాండెరోసా’ అని పేరుపెట్టుకొనిరి. ఖరీదైన పనిముట్లు లేవని వగచువారు ఈ పెద్దమనుష్యుని తలచుకొనవలెను.

మాటు వేయుటకు ఎద్దుబొమ్మ అక్కరలేదు. మట్టిరంగు గుడ్డ, నాలుగు కర్రలు చాలును. వాహనమే యొక మంచి మాటు; మనుష్యుని చూచి ఎగిరిపోవు పాలపిట్ట, ఆగిన వాహనము ప్రక్కన తీగపై నిశ్చింతగా కూర్చుండును. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులోను, చిలమత్తూరునకు చేరువనున్న వీరాపురములోను పక్షులు మనుష్యులకు అలవాటుపడియున్నవి. వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల నడుమనున్న చెట్లపైననే గూళ్ళు కట్టుకొనును. గ్రామస్థులు వానిని ఇంటికి వచ్చిన చుట్టములవలె చూతురు, కొట్టరు, కొట్టనీయరు. అందుచేత అట్టి చోట్ల మామూలు కటకముతో సహా పదునైన చిత్రములు తీయవచ్చును. ఆ పదును కొనుటకు దొరకునది కాదు. ఆ గ్రామస్థులు తరతరములుగా కూడబెట్టినది.

గూటి దగ్గర మాత్రము ఈ దగ్గరి దూరము ప్రమాదకరము. బెదరిన తల్లిపక్షి లేచిపోయినచో, మిట్టయెండ ఈకలు రాని పిల్లలపై పడును; కాకులు గ్రుడ్లను తన్నుకొనిపోవును. మంచి చిత్రము కొరకు గూటికి అడ్డమైన కొమ్మలు నరకువారు కలరు. ఆ కొమ్మలే పిల్లలకు నీడ, శత్రువుల కంటికి అడ్డుతెర. నా మాట కొంత కఠినముగా తోచినను చెప్పుచున్నాను: అట్లు తీసిన చిత్రము ఎంత పదునైనను దానిని బహుమానమునకు పంపువానిని నేను ఛాయాగ్రాహకుడని పిలువను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అనుసరించి గూళ్ళను, గ్రుడ్లను చెరచుట నేరము కూడను. గూటి దగ్గర మనుష్యునికే అపాయము కలుగుటయు కలదు. ఎరిక్ హోస్కింగ్ అను ఆంగ్ల ఛాయాగ్రాహకుడు 1937లో వేల్సు దేశమున గుడ్లగూబ గూటి యెదుట కట్టిన మాటువద్దకు రాత్రివేళ పోగా, ఆ పక్షి నిశ్శబ్దముగా వచ్చి ముఖముపై తన్నెను. ఆయనకు ఒక కన్ను పోయినది. ఆయన మిగిలిన కంటితోనే అటుపిమ్మట అనేక సంవత్సరములు పక్షుల చిత్రములు తీసిరి.

ఇంటికి వచ్చిన పిదప చిత్రములను తెరపై పెద్దవిగా చేసి చూడవలెను. మసక యంతయు ఒకే విధమైనది కాదు. పక్షి, కొమ్మ, ఆకులు అన్నియు ఒకే దిక్కునకు సాగియున్నచో అది చేతివణకు. కొమ్మ పదునుగా నుండి పక్షి మాత్రమే చెరగినచో షట్టరు చాలలేదు. పక్షి మసకయై, దాని ముందున్న ఆకో వెనుకనున్న రెమ్మయో పదునుగా నున్నచో ఫోకసు తప్పినది. అన్నియు అలలు అలలుగా నున్నచో అది వేడిగాలి చేసిన పని. ఏ రోగమో తెలిసినచో మరునాడు మందు తెలియును. కారణము చూడకయే చిత్రములను చెరిపివేయువాడు ఏడాది తిరిగినను అదే మసకను మరల మరల తీయుచుండును.

గూడబాతు ముక్కుపై చుక్కలు లెక్కింపదగినట్లు వచ్చిన చిత్రము దొరకినప్పుడు, తీసిన తేదీని, వేళను, స్థలమును, ఆ పక్షి అప్పుడేమి చేయుచున్నదో దానిని గూడ ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. కాలికి కడియమున్నచో ఆ అంకెలను బొంబాయి సంఘమువారికి తెలుపవలెను. అరుదైన పక్షి గూటి చిత్రమైనచో స్థలము పేరును పదిమందికి చాటరాదు. అటవీశాఖవారికి తెలిపిన చాలును.